నవోదయ ఆరో తరగతి ప్రవేశ పరీక్ష: దరఖాస్తు నుంచి పరీక్ష గది దాకా

నవోదయ విద్యాలయంలో ఆరో తరగతి ప్రవేశానికి ఏ విద్యార్థి అయినా ఒక్కసారి మాత్రమే పరీక్ష రాయగలడు. ఐదో తరగతి చదువుతున్న సంవత్సరంలోనే రాయాలి. అది దాటిపోయాక పిల్లవాణ్ణి మళ్లీ ఐదో తరగతిలో కూర్చోబెట్టి రాయిద్దామంటే నిబంధనలు ఒప్పుకోవు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే, ఏ పనిని ఎంత జాగ్రత్తగా చేయాలో తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన కాలంలో, లెక్కలు రాక సీటు తప్పిన పిల్లలను చూసి నేను అంతగా బాధపడలేదు. దరఖాస్తులో పెద్దలు చేసిన పొరపాటు వల్లనో, తనకు అలవాటు లేని భాషలో ప్రశ్నపత్రం చేతికి రావడం వల్లనో, జవాబు పత్రంలో వరుస తప్పడం వల్లనో నష్టపోయిన పిల్లలే ఇప్పటికీ గుర్తొస్తారు. అందువల్ల ఇక్కడ పుస్తకాల కంటే ముందు కాగితాల గురించి చెబుతాను.

జవహర్ నవోదయ విద్యాలయాలు కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ పరిధిలోని నవోదయ విద్యాలయ సమితి నడిపే ఆశ్రమ పాఠశాలలు. బాలబాలికలు కలిసి చదువుతారు, బోధన సీబీఎస్‌ఈ పాఠ్యప్రణాళిక ప్రకారం సాగుతుంది. భోజనం, వసతి, యూనిఫాం, పాఠ్యపుస్తకాలు ఉచితం. 9వ తరగతి నుంచి 12వ తరగతి వరకు మాత్రం విద్యాలయ వికాస నిధి పేరుతో నెలకు 600 రూపాయలు తీసుకుంటారు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు, బాలికలందరికీ, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాల పిల్లలకు ఆ రుసుము కూడా లేదు. తల్లిదండ్రులు ప్రభుత్వ ఉద్యోగులైతే ఈ మొత్తం ఎక్కువగా ఉంటుంది. పల్లె పిల్లలకు మంచి ఆశ్రమ పాఠశాల ఉండాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. 1985లో ఆయన కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి అయ్యాక, 1986 జాతీయ విద్యా విధానం కింద నవోదయలు తమిళనాడు తప్ప దేశమంతటా విస్తరించాయి.

ఒక్కో విద్యాలయంలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు ఉంటాయి. వాటిలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంత విద్యార్థులకు కేటాయిస్తారు, మూడో వంతు సీట్లు బాలికలకు దక్కేలా చూస్తారు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగుల రిజర్వేషన్లు వీటిలోనే అంతర్భాగంగా అమలవుతాయి. జిల్లా మొత్తానికి ఉన్నవి 80 సీట్లే కాబట్టి, తన బిడ్డ ఏ కోటా కిందికి వస్తాడన్నది తేలిక విషయం కాదు.

అర్హత: ముందుగా తేల్చుకోవలసిన మూడు సంగతులు

మొదటిది జిల్లా. విద్యార్థి ఏ జిల్లా నవోదయకు దరఖాస్తు చేస్తున్నాడో ఆ జిల్లాలోనే నివసిస్తూ, ఆ జిల్లాలోని ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన పాఠశాలలోనే ఐదో తరగతి చదువుతూ ఉండాలి. జిల్లాల పునర్విభజన తరువాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇక్కడ చాలామంది తికమకపడుతున్నారు. నిబంధన స్పష్టంగానే ఉంది. నవోదయ ఏర్పడిన తరువాత జిల్లా విడిపోయి, కొత్త జిల్లాకు వేరే నవోదయ రాకపోతే, అర్హత కోసం పాత జిల్లా సరిహద్దులనే లెక్కలోకి తీసుకుంటారు. అంటే తమ కొత్త జిల్లాలో నవోదయ లేనంత మాత్రాన ఆ పిల్లలకు అవకాశం పోయినట్టు కాదు, ఉమ్మడి జిల్లాలోని విద్యాలయానికి వారు దరఖాస్తు చేయవచ్చు. తెలంగాణలో చాలా ఏళ్లు చొప్పదండి, వర్గల్, వట్టెం, చలకుర్తి, నిజాంసాగర్, పాలేరు వంటి చోట్ల ఉన్న ఉమ్మడి జిల్లాల విద్యాలయాలే దిక్కు. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం జగిత్యాల, నిజామాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, మేడ్చల్ మల్కాజిగిరి, మహబూబ్‌నగర్, సంగారెడ్డి, సూర్యాపేట జిల్లాలకు కొత్తగా ఏడు నవోదయలను ఆమోదించింది. కాబట్టి మీ మండలం ఇప్పుడు ఏ విద్యాలయం కిందికి వస్తుందో పక్కింటివారిని అడిగి ఊరుకోకుండా, సమితి ఆ సంవత్సరం విడుదల చేసే ప్రాస్పెక్టస్‌లో (ప్రవేశ నియమాల పుస్తకంలో) చూసి నిర్ధారించుకోవాలి.

రెండోది పుట్టిన తేదీ. ఏటా మే 1తో మొదలై జూలై 31తో ముగిసే రెండేళ్ల మూడు నెలల వ్యవధిని సమితి ప్రకటిస్తుంది. 2025-26 ప్రవేశాలకు 2013 మే 1 నుంచి 2015 జూలై 31 మధ్య పుట్టినవారు అర్హులు, 2026-27 ప్రవేశాలకు ఆ తేదీలు ఒక్కో సంవత్సరం ముందుకు జరిగాయి. మన ఊళ్లలో బడిలో చేర్చుకునే వీలు కోసం రిజిస్టరులో ఒక తేదీ, ఆధార్‌లో మరో తేదీ, జనన ధ్రువీకరణ పత్రంలో ఇంకో తేదీ ఉండడం కొత్త కాదు. సీటు వచ్చాక ధ్రువపత్రాలు పరిశీలించే రోజున ఈ తేడా బయటపడితే, అంత కష్టపడి తెచ్చుకున్న ర్యాంకు ఎందుకూ పనికిరాకుండా పోతుంది. పిల్లవాడు నాలుగో తరగతిలో ఉండగానే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉంటే అప్పుడే సరిచేయించుకోవాలి. పేరు విషయంలోనూ అంతే. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పేరుకు చివర రాసి ఉంటుంది. ఈ మూడింటినీ ఒకే తీరుకు తేవడానికి వారాలు పడుతుంది.

మూడోది గ్రామీణ కోటా. అన్నిటికంటే ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. గ్రామీణ అభ్యర్థిగా పరిగణన పొందాలంటే 3, 4, 5 తరగతులు మూడింటినీ, ప్రతి సంవత్సరమూ పూర్తిగా, గ్రామీణ ప్రాంతంలోని పాఠశాలలోనే చదివి ఉండాలి. ఈ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణ ప్రాంత పాఠశాలలో చదివినా పట్టణ అభ్యర్థిగానే లెక్కిస్తారు. ఇక్కడ చూసేది ఇల్లు ఎక్కడుందని కాదు, బడి ఎక్కడుందని. పల్లెలోనే ఉంటూ, పొలం పనులు చేసుకుంటూ, పిల్లవాణ్ణి మాత్రం పసుపు రంగు బస్సెక్కించి దగ్గరి మున్సిపాలిటీలోని ప్రైవేటు బడికి పంపే కుటుంబాలు లెక్కలేనన్ని ఉన్నాయి. వారంతా తమ బిడ్డ గ్రామీణ కోటాలోనే ఉన్నాడని నమ్ముతుంటారు. నవోదయ మీద ఆశ ఉన్నవారు ఈ సంగతిని పిల్లవాడు రెండో తరగతిలో ఉన్నప్పుడే ఆలోచించుకోవాలి, ఐదో తరగతికి వచ్చాక దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

దీనికి అడ్డదారి ఒకటి ఉందని చెప్పేవారు ఉంటారు. పేరు పల్లెటూరి బడి హాజరు పట్టికలో ఉంచి, పిల్లవాణ్ణి పట్టణంలోని కోచింగ్ హాస్టల్‌లో ఉంచుదామంటారు. దయచేసి ఆ మాట వినవద్దు. తప్పుడు ధ్రువీకరణతో వచ్చిన సీటు ఎప్పుడైనా రద్దవుతుంది, సంతకం చేసిన ప్రధానోపాధ్యాయుడూ చిక్కుల్లో పడతాడు. అంతకంటే ముఖ్యంగా, నిజంగా ఆ ఊళ్లోనే చదువుకున్న మరో పిల్లవాడి సీటు అది.

దరఖాస్తు

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, నవోదయ విద్యాలయ సమితి వెబ్‌సైట్ ద్వారా చేయాలి. దీనికి రుసుము ఏమీ లేదు. నెట్ సెంటరువారు టైపు చేసినందుకు తీసుకునే కూలి వేరు, పరీక్ష ఫీజు అని ఎవరైనా అడిగితే ఇవ్వవద్దు. సాధారణంగా వేసవి సెలవులు ముగిసే వేళకు ప్రకటన వస్తుంది, జూలై చివరి వరకో, ఆ తరువాత మరికొంత కాలం వరకో గడువు ఉంటుంది. కొన్ని సంవత్సరాలు గడువు పొడిగించారన్నది నిజమే గానీ, ఆ నమ్మకంతో చివరి రోజు దాకా ఆగడం మంచిది కాదు. ఆఖరి రెండు రోజుల్లో సైటు నెమ్మదిస్తుంది, ఊళ్లో కరెంటు పోతుంది, ప్రధానోపాధ్యాయుడు శిక్షణకు వెళ్లి ఉంటాడు.

మొదట ప్రాస్పెక్టస్‌లో ఉన్న నిర్ణీత నమూనా ధ్రువీకరణ పత్రాన్ని ముద్రించుకోవాలి. అందులో విద్యార్థి వివరాలు, 3, 4, 5 తరగతులు చదివిన పాఠశాలలు, అవి గ్రామీణ ప్రాంతంలో ఉన్నాయా పట్టణ ప్రాంతంలో ఉన్నాయా అన్న వివరం నింపి, ఫోటో అంటించి, ఐదో తరగతి చదువుతున్న బడి ప్రధానోపాధ్యాయుడి చేత సంతకం, ముద్ర వేయించుకోవాలి. ఆ పత్రం, విద్యార్థి ఫోటో, విద్యార్థి సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం స్కాన్ చేసి జేపీజీ రూపంలో ఎక్కించాలి. ఒక్కో ఫైలు ఎంత పరిమాణంలో ఉండాలో అక్కడే రాసి ఉంటుంది. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు పనిచేస్తూ ఉండాలి, ఆ ఫోన్ ఆ సమయానికి చేతిలో ఉండాలి. తండ్రి నంబరు ఇచ్చి, ఆ తండ్రి హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో పనిలో ఉంటే ఓటీపీ కోసం గంటల తరబడి కాచుకోవలసి వస్తుంది.

పిల్లల సంతకం గురించి ఒక మాట. పదేళ్ల పిల్లలకు స్థిరమైన సంతకం ఉండదు. దరఖాస్తు చేయడానికి వారం ముందు నుంచీ పేరునే తేటగా, ఒకే తీరులో రాయడం అలవాటు చేయించి, దాన్నే సంతకంగా ఎక్కించాలి. పరీక్ష రోజున హాజరు పత్రంలోనూ అదే సంతకం చేయవలసి ఉంటుంది.

బీసీ కుటుంబాలవారు మరో జాగ్రత్త పాటించాలి. నవోదయలో వర్తించేది కేంద్ర ఓబీసీ జాబితా. మన రాష్ట్రాల ఏ, బీ, సీ, డీ, ఈ వర్గీకరణతో దానికి సంబంధం లేదు, రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు. మీసేవలో తీసుకున్న సాధారణ కుల ధ్రువీకరణ పత్రం ఇక్కడ చెల్లదు. కేంద్ర నమూనాలో, క్రీమీలేయర్‌కు (ఓబీసీల్లోని సంపన్న వర్గానికి) చెందరని తెలిపే పత్రం తహసీల్దారు కార్యాలయం నుంచి తీసుకోవాలి. సీటు వచ్చాక పరుగులు తీసేకంటే దరఖాస్తు రోజుల్లోనే అర్జీ పెట్టుకోవడం మేలు.

ఫారం పంపాక ముద్రించుకుని, ఇంట్లో ఇద్దరు వేర్వేరుగా చదవాలి. గడువు ముగిశాక కొద్ది రోజులు సవరణకు అవకాశం ఇస్తారు గానీ, అందులో బాలుడా బాలికా, సామాజిక వర్గం, గ్రామీణమా పట్టణమా, దివ్యాంగత, పరీక్ష భాష అనే వివరాలనే మార్చుకోనిస్తారు. మా బడిలో చదివిన ఒక అమ్మాయి దరఖాస్తులో నెట్ సెంటరు కుర్రవాడు తొందరలో బాలుడు అని నొక్కాడు. ఆ పొరపాటు సవరణ రోజుల్లో కంటపడింది కాబట్టి ఆ అమ్మాయికి బాలికల కోటా దక్కింది.

పరీక్ష భాష

ప్రశ్నపత్రం మొత్తం, అంటే బొమ్మల విభాగంలోని సూచనలూ, లెక్కలూ, భాషా విభాగంలోని గద్యభాగాలూ అన్నీ, దరఖాస్తులో ఎంచుకున్న ఒకే భాషలో వస్తాయి. ఇంట్లో మాట్లాడేది తెలుగే కదా అని తెలుగు పెట్టేవారు, ఇంగ్లిషు మీడియంలో చదువుతున్నాడు కదా అని ఇంగ్లిషు పెట్టేవారు ఇద్దరూ ఒక పని చేయకుండానే నిర్ణయం తీసుకుంటున్నారు. ఆ పని ఏమిటంటే, పాత ప్రశ్నపత్రాల్లో ఒకటి తెలుగుదీ ఒకటి ఇంగ్లిషుదీ తీసుకుని, పిల్లవాడి చేత రెండూ రాయించి చూడడం.

ఇంగ్లిషు మీడియం పిల్లలకు కారణాంకం, గుణిజం, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, ఎల్‌సీఎం), చుట్టుకొలత, వైశాల్యం అన్న మాటలు కొత్త. లెక్క చేయగలిగిన పిల్లవాడే ఆ మాట దగ్గర ఆగిపోతాడు. అదే పిల్లవాడు ఇంగ్లిషు గద్యభాగంలోని ఐదు వాక్యాలు చదివి అర్థం చేసుకోలేకపోవచ్చు. ఈ రెండు కష్టాల్లో ఏది ఐదారు నెలల్లో తీరుతుందో చూసి నిర్ణయించుకోవాలి. తెలుగు చక్కగా చదవగలిగే పిల్లలకైతే నేను తెలుగే సూచిస్తాను. గణిత పదాలు ఓ నలభై ఉంటాయి, రెండు వారాల్లో నోటికి వస్తాయి. ఇంగ్లిషులో చదివి గ్రహించే శక్తి అంత తొందరగా రాదు. తెలుగు అక్షరాలను ఇంకా కూడబలుక్కునే పిల్లలకు మాత్రం ఈ సలహా వర్తించదు.

పరీక్ష ఎలా ఉంటుంది

రెండు గంటల్లో 80 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి, మొత్తం 100 మార్కులు. మేధాశక్తి విభాగంలో 40 ప్రశ్నలకు 50 మార్కులు, గణితంలో 20 ప్రశ్నలకు 25, భాషలో 20 ప్రశ్నలకు 25 మార్కులు. అంటే ఒక్కో ప్రశ్నకు ఒకటింపావు మార్కు. మొదటి విభాగానికి ఒక గంట, మిగతా రెండింటికీ చెరో అరగంట సూచించారు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. దివ్యాంగ విద్యార్థులకు అదనంగా 40 నిమిషాలు ఇస్తారు. 2025 ప్రవేశాలకు మన రాష్ట్రాల్లో పరీక్ష జనవరి 18న, 2026 ప్రవేశాలకు 2025 డిసెంబరు 13న జరిగింది. ఈ నెల రోజుల తేడా చిన్నది కాదు. సిలబస్‌ను నవంబరు మధ్యకల్లా ముగించేలా పెట్టుకోవాలి.

మేధాశక్తి: సగం మార్కులు ఇక్కడే

ఈ విభాగంలో ఒక్క అక్షరం కంఠస్థం చేయనక్కరలేదు, అన్నీ బొమ్మలే. పది రకాల ప్రశ్నలు, రకానికి నాలుగు చొప్పున వస్తాయి. భిన్నమైన బొమ్మను పట్టుకోవడం, ఒకేలాంటి బొమ్మను గుర్తించడం, అసంపూర్ణ నమూనాను పూరించడం, బొమ్మల వరుసలో తరువాతిది చెప్పడం, బొమ్మల మధ్య పోలికను బట్టి నాలుగోదాన్ని ఎంచడం, విరిగిన చతురస్రాన్నో వృత్తాన్నో త్రిభుజాన్నో పూర్తిచేసే ముక్కను గుర్తించడం, అద్దంలో ప్రతిబింబం, మడిచి రంధ్రం చేసిన కాగితం విప్పితే ఎలా ఉంటుందన్నది, ముక్కలను కలిపితే ఏ ఆకారం వస్తుందన్నది, పెద్ద బొమ్మలో దాగిన చిన్న బొమ్మను వెతకడం. పట్టణాల పిల్లలకు ఖరీదైన కోచింగ్ ఉందని పల్లె తల్లిదండ్రులు దిగులుపడుతుంటారు. ఈ 50 మార్కులకు కావలసినవి పాత కాగితాలు, కత్తెర, చిన్న అద్దం, రోజుకు అరగంట పిల్లవాడి పక్కన కూర్చునే ఒక పెద్దమనిషి, అంతే.

కాగితం మడతల ప్రశ్నకు పుస్తకంలోని బొమ్మలు చూపించడంతో మొదలుపెట్టవద్దు. చతురస్రాకారంగా కత్తిరించిన కాగితాన్ని పిల్లవాడి చేతనే మడిపించి, పెన్సిలు మొనతో రంధ్రం చేయించి, విప్పే ముందు రంధ్రాలు ఎక్కడెక్కడ వస్తాయో మరో కాగితంపై గుర్తు పెట్టమనాలి. తరువాత విప్పి సరిచూడాలి. ఒక మడతకు రెండు, రెండు మడతలకు నాలుగు రంధ్రాలు వస్తాయని, మడత గీతకు ఇటువైపు ఎంత దూరంలో ఉంటే అటువైపూ అంతే దూరంలో ఉంటుందని వాడే కనిపెడతాడు. యాభై కాగితాలు చించాక వాడికి చేతిలో కాగితం అవసరం ఉండదు. ఈ చించడాన్ని వృథా అనుకుని మానిపించిన ఇళ్లలో పిల్లలు పుస్తకంలోని జవాబులు బట్టీపట్టి, పరీక్షలో మడత దిశ మారగానే తడబడటం చూశాను.

అద్దం ప్రశ్నలకు గీత ఎటువైపు ఉందో ముందు చూడడం నేర్పాలి. అద్దం పక్కన నిలువుగా ఉంటే కుడి ఎడమలు మారతాయి, పైదీ కిందిదీ మారవు. అద్దం కింద అడ్డంగా ఉంటే తలకిందులవుతుంది, కుడి ఎడమలు మారవు. చేతిలో అద్దం లేనప్పుడు బొమ్మను పలుచని కాగితంపై గీసి, వెనక్కి తిప్పి దీపపు వెలుతురుకు పట్టి చూపించవచ్చు, కుడి ఎడమలు తారుమారైన రూపం కనిపిస్తుంది.

ముక్కలతో ఆకారం పూర్తిచేసే ప్రశ్నలకు పాత శుభలేఖల అట్టలు బాగా పనికొస్తాయి. చతురస్రాలు, వృత్తాలు కత్తిరించి, వాటిని రెండు మూడు వంకర ముక్కలుగా చేసి, కలిపి పెట్టమనాలి. నమూనా పూరించే ప్రశ్నలకు ముగ్గులు వేసే ఇంటి పిల్లలకు సగం సాధన ముందే అయి ఉంటుంది. చుక్కల ముగ్గులో ఒక మూల చెరిపేసి, మిగతా మూడు మూలలను చూసి పూర్తిచేయమంటే అదే ఈ ప్రశ్న. దాగిన బొమ్మను వెతికేటప్పుడు బొమ్మ మొత్తాన్ని ఒకేసారి వెతకకూడదు, దానిలో ప్రత్యేకంగా ఉన్న ఒక మూలనో వంపునో పట్టుకుని, ఆ మూల ఎక్కడుందో ముందు చూడాలి. వరుస ప్రశ్నల్లో బొమ్మలో కదిలేవి రెండు మూడు ఉంటాయి. ఒకసారికి ఒకదాన్నే గమనించి, దానికి సరిపోని జవాబులను కొట్టేస్తూ పోతే చాలాసార్లు రెండో అంశం చూసే సరికే ఒక్క జవాబు మిగులుతుంది.

సాధన తొలి రెండు నెలల్లో సమయం చూడనక్కరలేదు. తరువాత ప్రశ్నకు ఒకటిన్నర నిమిషం లెక్కన, నాలుగు ప్రశ్నలకు ఆరు నిమిషాలు పెట్టి గడియారం ఎదురుగా ఉంచాలి.

గణితం

ప్రాథమిక స్థాయి లెక్కలే ఉంటాయి. సంఖ్యా విధానం, చతుర్విధ ప్రక్రియలు, కారణాంకాలు, గుణిజాలు, క.సా.గు., గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం, హెచ్‌సీఎఫ్), భిన్నాలు, దశాంశాలు, పొడవు, బరువు, కాలం, డబ్బు కొలతలు, సూక్ష్మీకరణ, లాభనష్టాలు, చుట్టుకొలత, వైశాల్యం, కోణాలు, కమ్మీ చిత్రాల వంటివి. బజారులో దొరికే గైడ్లలో పాత సిలబస్ పాఠాలు ఇంకా ఉంటాయి. సూక్ష్మీకరణ, భిన్నాలు బాగా రాని పిల్లవాడి చేత వడ్డీ లెక్కలు చేయిస్తూ నెలలు గడిపేకంటే, ప్రాస్పెక్టస్‌లోని అంశాల జాబితాను గోడకు అంటించి దాని ప్రకారం వెళ్లాలి.

ఎక్కాలు 20 వరకు తడుముకోకుండా రావాలి, ఇందులో రాజీ లేదు. మిగతా పాఠాల్లో పిల్లలు ఎక్కువగా తప్పుచేసేది దశాంశ బిందువు దగ్గర. 0.3ను 0.2తో గుణిస్తే 0.6 అని రాసేవారే ఎక్కువ, సరైన జవాబు 0.06. తప్పు జవాబు కూడా నాలుగు ఎంపికల్లో తప్పకుండా ఉంటుంది, ఎందుకంటే ప్రశ్న తయారుచేసేవారికి పిల్లలు ఎక్కడ జారతారో తెలుసు. భిన్నాలను పోల్చడంలోనూ ఇదే తీరు. 5/8, 7/12లలో ఏది పెద్దదంటే అంకెలు పెద్దవని 7/12 అంటారు. రెండింటినీ 24 హారంతో రాయిస్తే 15/24, 14/24 అని కళ్లకు కనిపిస్తుంది.

క.సా.గు. లెక్కలను బతుకులోంచే ఇవ్వాలి. ఉదయం 6 గంటలకు ఊరి కూడలి నుంచి రెండు బస్సులు కలిసి బయలుదేరాయి, ఒక రూటులో 12 నిమిషాలకొకటి, మరో రూటులో 18 నిమిషాలకొకటి బస్సు ఉంది, మళ్లీ రెండూ కలిసి ఎప్పుడు బయలుదేరతాయి అని అడిగితే, 36 నిమిషాల తరువాత 6 గంటల 36 నిమిషాలకు అని పిల్లవాడు చెప్పాక, ఆ చేసిన పనికే క.సా.గు. అని పేరు అని చెప్పవచ్చు. పొలం గట్టు చుట్టూ కంచె వేయడానికి చుట్టుకొలత, పొలంలో విత్తనం చల్లడానికి వైశాల్యం కావాలని ఒకసారి పొలం దగ్గరే చెబితే రెండింటినీ కలగలపరు.

జవాబులు ఎదురుగా ఉన్న పరీక్ష కాబట్టి, ప్రతి లెక్కా చివరిదాకా చేయనక్కరలేదు. 47ను 63తో గుణించమంటే చివరి అంకెలు 7, 3 గుణిస్తే 21, అంటే జవాబు 1తో ముగియాలి. అలా ముగిసేది ఒక్కటే ఉంటే అదే జవాబు. కానీ ఈ ఉపాయాలు అక్టోబరు తరువాతే చెప్పాలి. ముందే చెబితే పిల్లలు లెక్క నేర్చుకోవడం మానేసి ఉపాయం వెతుకుతారు.

భాష

గద్యభాగాలు ఇచ్చి వాటి కింద ప్రశ్నలు అడుగుతారు. దీనికి వ్యాకరణం గైడు కంటే రోజూ గట్టిగా చదవడం ఎక్కువ మేలు చేస్తుంది. దినపత్రికల పిల్లల పేజీలో ఒక కథో విశేషమో చదివించి, నాలుగు ప్రశ్నలు అడగాలి. ఒకటి నేరుగా దొరికే జవాబు, ఒకటి ఊహించి చెప్పవలసినది, ఒకటి పదానికి అర్థం లేదా వ్యతిరేకం, ఒకటి కథకు పేరు పెట్టడం. పిల్లవాడు తనకు ముందే తెలిసిన సంగతిని జవాబుగా చెబితే ఒప్పుకోకూడదు, అది ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించమనాలి.

జవాబు పత్రం, పరీక్ష రోజు

జవాబులను ఓఎంఆర్ పత్రం (వలయాలు దిద్దే, యంత్రం చదివే జవాబు పత్రం) మీద నలుపు లేదా నీలం బాల్‌పాయింట్ పెన్నుతోనే గుర్తించాలి. పెన్సిలు వాడకూడదు, ఒకసారి దిద్దినదాన్ని చెరపడానికి, మార్చడానికి వీల్లేదు. ఐదో తరగతి దాకా పెన్సిలుతో రాసి, తప్పయితే చెరిపేసే అలవాటున్న పిల్లలకు ఇది పెద్ద మార్పు. సెప్టెంబరు నుంచే నమూనా ఓఎంఆర్ పత్రాలు జిరాక్స్ తీయించి పెన్నుతో సాధన చేయించాలి. తెలివైన ఒక పిల్లవాడు 23వ ప్రశ్న రాలేదని వదిలేసి, 24వ ప్రశ్న జవాబును 23 ఎదురుగా దిద్దాడు. అక్కడి నుంచి వరుస మొత్తం ఒక గడి జరిగిపోయింది, ఇంటికొచ్చి ప్రశ్నపత్రం చూస్తే అన్నీ సరిగానే చేశాడు. అప్పటి నుంచి మా బడిలో పిల్లలు వలయం దిద్దే ముందు ప్రశ్న సంఖ్యను పెదవులతో పలకాలని నియమం పెట్టుకున్నాం. తప్పు జవాబుకు మార్కు పోదు కాబట్టి, చివరి ఐదు నిమిషాల్లో ఖాళీగా ఉన్న ప్రశ్నలన్నిటికీ ఏదో ఒకటి గుర్తించమని చెప్పాలి, ఖాళీగా వదిలేయడం వల్ల లాభం లేదు.

పరీక్ష ఉదయం 11:30కు మొదలై మధ్యాహ్నం 1:30కు ముగుస్తుంది. నవంబరు నుంచి ప్రతి ఆదివారం అదే వేళకు, అదే రెండు గంటలు, మధ్యలో లేవకుండా పాత ప్రశ్నపత్రం రాయించాలి. మామూలుగా అన్నం తినే వేళకు ఏకాగ్రత నిలవడం కూడా అలవాటు కావాలి. పరీక్ష రోజున తొమ్మిది గంటలకు ఇడ్లీయో పెరుగన్నమో తేలికగా పెట్టి, హాల్‌టికెట్, రెండు పెన్నులు ఇచ్చి గంట ముందే కేంద్రానికి చేర్చాలి. ప్రశ్నపత్రం చేతికి రాగానే అది తాను ఎంచుకున్న భాషలోనిదేనా అని చూసుకుని, కాకపోతే వెంటనే చెయ్యి ఎత్తి చెప్పమని పిల్లవాడికి ముందే నేర్పాలి. మన పిల్లలు కొత్త మాస్టారిని అడగడానికి భయపడతారు, ఆ భయం పోగొట్టే పని ఇంట్లోనే జరగాలి.

సీటు వచ్చినా, రాకపోయినా

ఎంపికైనవారు జనన ధ్రువీకరణ, నివాస ధ్రువీకరణ, 3, 4, 5 తరగతుల స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, వైద్య పరీక్ష పత్రం వంటివి నిర్ణీత తేదీలోగా చూపాలి. మొదటి జాబితాలో పేరు లేకపోయినా నిరీక్షణ జాబితాలోంచి సీట్లు నింపుతారు కాబట్టి దరఖాస్తులో ఇచ్చిన ఫోన్ నంబరు మార్చకూడదు. పదకొండేళ్ల పిల్లవాడు ఇల్లు వదిలి వెళ్తున్నాడన్న సంగతి పెద్దలు మరవకూడదు. తన బట్టలు తాను ఉతుక్కోవడం, పక్క సర్దుకోవడం, నలుగురితో కలిసి పడుకోవడం వేసవి సెలవుల్లోనే అలవాటు చేయాలి. 9వ తరగతిలో 30 శాతం విద్యార్థులను ఒక సంవత్సరం పాటు మరో భాషా ప్రాంతంలోని నవోదయకు పంపే పద్ధతి ఉందని, మన పిల్లలు హిందీ రాష్ట్రాలకు వెళ్లవలసి రావచ్చని కూడా ముందే తెలుసుకుని, పిల్లవాడితో మాట్లాడి ఒప్పించాకే చేర్చాలి.

సీటు రాని పిల్లలకు ఈ సాధన వేరేచోట పనికొస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఆదర్శ పాఠశాలల ఆరో తరగతి ప్రవేశాలు ఉన్నాయి. కోరుకొండ, కలికిరి సైనిక పాఠశాలల ప్రవేశ పరీక్షలో గణితానికే సగం మార్కులు, 300కు 150. నవోదయలోనే చేరాలన్న కోరిక మిగిలి ఉంటే, ఖాళీ అయిన సీట్ల కోసం 9వ తరగతిలో మరో ప్రవేశ పరీక్ష జరుగుతుంది. రెండున్నర గంటల ఆ పరీక్షలో గణితానికి 35, సామాన్య శాస్త్రానికి 35, ఇంగ్లిషుకు 15, హిందీకి 15 మార్కులు ఉంటాయి. మన పిల్లలు చాలామంది ఆరో తరగతిలో హిందీ అక్షరాలు మొదలుపెట్టి, ఉత్తీర్ణతకు సరిపడా చదివి వదిలేస్తారు. ఆ పరీక్ష రాయించాలనుకునేవారు ఏడో తరగతి నుంచే వారానికి మూడు రోజులు హిందీ పాఠం గట్టిగా చదివించడం మొదలుపెట్టాలి.